నాలుకకు అంటని రాయి

తుర్కానా సరస్సుకు ఎగువన, ఎండిన వాగులో తన చెలమ పక్కన మేకల ముసలమ్మ కూర్చుని ఉంది. రాయిగా మారిన పాతకాలపు ఎముకలు వెతికే శిబిరం మనిషి, గట్టులోంచి తేలిన ఓ నల్లటి ముక్కను పైకి తీశాడు.

"అది రాయి, అబ్బాయ్. ఇక్కడున్నవన్నీ రాళ్లే."

"నేనింకా అడగనేలేదు కదా, అవ్వా!"

"అడుగుతావనే చెప్పా. నాలిక్కి ఆనించి చూసుకో. ఎముకైతే అంటుకుంటుంది, రాయైతే జారిపోతుందని మీవాళ్లే అన్నారుగా."

"ఇదిగో, ఆనించా. జారింది."

"చూశావా! ఇక పో."

"ఉండుండు. మేక కొవ్వు రుచి తగులుతోందేం?"

"మేకలు తిరిగే చోటు. తగలదా మరి?"

"మేకలు తిరిగితే పెంటికల కంపు రావాలి. కొవ్వు రావాలంటే ఎవరో కాచి పుయ్యాలి. పూస్తే ఎముకైనా జారుతుంది. ఏదీ, నీ చేతులు చూపించు."

"చూపించను! పోయినేడు పైవాగులో బెత్తెడు ఎముక దొరికిందని మీవాళ్లు అక్కడి చెలమ చుట్టూ ఎవరూ రాకుండా తాడు కట్టేశారు. అప్పట్నుంచి మా కోడలు నాపెయోక్ రెండు గుట్టలు దాటొచ్చి ఇక్కణ్ణుంచి నీళ్లు మోస్తోంది. ఆ ఎముకేమన్నా నీళ్లు తాగుతుందా?"

అతను చెలమకేసి చూశాడు. ముక్కను తీసినచోటే పెట్టేశాడు.

"రాయే, అవ్వా."

"శిబిరానికెళ్లి మాట మార్చవు కదా?"

"మార్చను. కానీ ఆ పక్కనున్న రాళ్లక్కూడా కాస్త కొవ్వు పుయ్యి. రేపొచ్చేవాడు నాకంటే అనుమానప్పక్షి."