రెండో గుప్పెడు

శనివారం మధ్యాహ్నం. బందరు పరాసుపేటలో ఒక అద్దె పోర్షను. పరీక్షకి చదువుకుంటున్న కల్పన, కృత్తివెన్ను నుంచి బస్సులో వచ్చిన ఆమె తండ్రి తోమాసు.

"బీ."

"బీ కాదమ్మా. వెనకాల సీ అని ఉంది."

"సీనా? సరిగ్గా చూడు నాన్నా. పై ప్రశ్నది చూస్తున్నావేమో."

"నాకు ఇంగ్లీషు రాకపోతే పోయె, ఏబీసీడీలు కూడా రావంటావా? సీయే."

"అబ్బా. క్రితంసారి పరీక్షలో కూడా నేను ఇలాంటివాటి దగ్గరే పోయుంటా."

"కాసేపు ఆపకూడదూ? పొద్దున్నించీ ఆ కుర్చీలోంచి లేవలేదంట. పక్కింటావిడ చెప్పింది."

"ఎల్లుండి బెజవాడలో పరీక్ష పెట్టుకుని ఆపడమేంటి? ఈసారి కూడా తప్పితే కంపెనీ ఇంక ఫీజు కట్టదు. ఎక్కడేసిన గొంగళి అక్కడే."

"పాసైతే?"

"ఇప్పుడు అసిస్టెంట్ అంటున్నారు, అప్పుడు ఆడిటర్ అంటారు. వైజాగ్ హెడ్డాఫీసులో కూర్చోబెడతారు. అమ్మకి చెప్పానుగా."

"చెప్పింది. పోయిన ఆదివారం చర్చిలో పాస్టరు గారు నీ పేరెత్తి ప్రార్థన చేశారు. తోమాసు గారమ్మాయి ఇంటర్నల్ పరీక్షలు రాస్తోంది, దీవించు ప్రభువా అని. మన బెంజమిను పక్కనే కూర్చుని, ఇంటర్నల్సేగా బాబాయ్, మార్కులు కాలేజీవాళ్ళే వేసేస్తారులే అన్నాడు."

"వాడి మొహం. ఇది ప్రపంచమంతటికీ ఒకటే పరీక్ష."

"నేనూ అదే అన్నా. మరి దేని గురించి బాబాయ్ అంటే మాత్రం చెప్పలేకపోయా."

"ఎన్నిసార్లు చెప్పాను నీకు. కంపెనీలో పనులు పద్ధతిగా జరుగుతున్నాయా, డబ్బు ఎక్కడన్నా కారిపోతోందా అని కంపెనీ మనిషే లోపలుండి చూడాలి. చూసి యాజమాన్యానికి చెప్పాలి. అదీ పని."

"కంపెనీ డబ్బు కారితేనే చూస్తారా? ఇంకోళ్ళది కారితే చూడరా?"

"తర్వాత ప్రశ్న చెబుతా, విను. నీకు తెలుగులో చెబితేగానీ నా బుర్రకెక్కదు."

"చిన్నప్పట్నించీ అంతేగా. నేను చెరువులో మేత చల్లుతుంటే గట్టు మీద కూర్చుని సోషలు అప్పజెప్పేదానివి."

"నువ్వు ఊఁ కొట్టేవాడివి. వినేవాడివి కాదు."

"వినబట్టే అక్బరు తర్వాత ఎవరొచ్చారో ఇప్పటికీ చెబుతా."

"సరే, ఇది విను. ఒక ఆడిటరు ఒక సెక్షను తనిఖీ చెయ్యడానికి... నాన్నా, నువ్వు అన్నం తినలేదేం? గోంగూర అట్టానే ఉంది."

"బస్టాండులో ఏదో తిన్నా."

"ఆ చేతులేంటి? వేళ్ళ చివర్లు తెల్లబారి పగిలిపోయాయి."

"ఐసులో పెట్టా. చెప్పు, ఆడిటరు తనిఖీకి వెళ్తే?"

"ఐసులో ఎందుకు పెట్టావు?"

"చెప్పమ్మా, టైమైపోతోందన్నావుగా."

"వెళ్తే, ఆ సెక్షనులో పనిచేసేది ఆయన బావమరిది. ఆడిటరు ఏం చెయ్యాలి?"

"ముందు బావమరిదిని భోజనానికి పిలవాలి."

"అలాంటి ఆప్షను లేదు."

"ఉండదులే."

"బీ. సంగతి పైవాళ్ళకి చెప్పి ఆ పని నించి తప్పుకోవాలి."

"బీయే. ఇది బాగా వచ్చే నీకు."

"ఇది ఎవరికైనా వచ్చుద్ది."

"మొన్న అమ్మ మందులకి గుడివాడ వెళ్ళా. మీ కంపెనీకి రొయ్యల సూపర్‌వైజరుగా చేసిన శోభనాద్రి గారు కనపడ్డారు."

"ఆయన ఊసు ఇప్పుడెందుకు?"

"ఉద్యోగం పోయాక బస్టాండు పక్కన టిఫిను బండి పెట్టుకున్నాడు. వాళ్ళావిడ పిండి రుబ్బుతోంది. నాకు ఇడ్లీ పెట్టి డబ్బులిస్తే పుచ్చుకోలేదు. మీ అమ్మాయి బాగుందాండీ అని అడిగాడు."

"నన్ను తిట్టుంటాడు."

"తిడితే బాగానే ఉండేది. బాగుందా అనే అడిగాడు."

"నేను రిపోర్టులో ఆయన్ని దొంగ అని రాయలేదు నాన్నా. పేరు కూడా రాయలేదు. కేజీకి ఎన్ని రొయ్యలని గట్టు మీద సూపర్‌వైజర్లు తీసే కౌంటుకీ ఫ్యాక్టరీలో వచ్చే కౌంటుకీ తేడా ఉంటోందని రాశా. ఉన్నమాటేగా. గట్టు మీద కేజీకి నలభై తూగిన రొయ్య ఫ్యాక్టరీకొచ్చేసరికి నలభై అయిదు తూగుతోంది. అంటే కంపెనీ చిన్న రొయ్యకి పెద్ద రొయ్య ధర ఇచ్చినట్టేగా."

"దార్లో నీరు కారుద్ది. తలలూడతాయి. అడుగు ట్రేలో నలుగుద్ది. బరువు తగ్గితే కేజీకి ఎక్కువ రావా? రొయ్య చిన్నదైపోద్దా?"

"అది కూడా రాశా, ఒక వాక్యం."

"ఒక వాక్యం."

"నాన్నా, నాకు పరీక్షుంది."

"కౌంటెట్టా తీస్తారో నువ్వు పుస్తకంలో చదివావా, చూసి నేర్చుకున్నావా?"

"చూసే."

"చెప్పు మరి. నేను ఊఁ కొడతా."

"మొదటి గుప్పెడు కొనేవాడిది. రెండో గుప్పెడు రైతుది. రెండూ కలిపి కాటాలో పోసి కేజీకి ఎన్నో లెక్కపెడతారు."

"వాడు చిన్నవి ఏరితే మనం పెద్దవి ఏరతాం. రెండూ కలిస్తే ఉన్నది తేలుద్ది. మన చెరువు దగ్గర ఆ రెండో గుప్పెడు ఎవరు తీసేవాళ్ళు?"

"నాన్నా."

"ఎవరు తీసేవాళ్ళమ్మా?"

"నేను."

"కళ్ళు మూసుకుని తీసేదానివి. ఏరడం తప్పని. శోభనాద్రి గారు నవ్వి, నా గుప్పెడు కూడా మీ పిల్లనే తీయమనండి తోమాసు గారూ అనేవాడు. అలాంటి మనిషి అన్నం తింటున్న కంచం లాగేశావు."

"లాగింది నేను కాదు, యాజమాన్యం. నేను పద్ధతి బాగాలేదని రాశానంతే. అమ్మేవాడే శాంపిలు తీయడమేంటి? ఏ పుస్తకంలోనన్నా ఒప్పుకుంటారా?"

"కొనేవాడొక్కడే తీయడం ఏ పుస్తకంలో ఉంది?"

"అది... ఇప్పుడు కౌంటు ఫ్యాక్టరీలోనేగా తీసేది. అక్కడ మిషను ఉంటుంది, కెమెరా ఉంటుంది."

"రైతుండడు. గేటు బయట నిలబెడతారు. లోపల్నించి ఒకడొచ్చి యాభై కౌంటండీ అంటాడు. అదేంటయ్యా, నా చెరువులో నలభై కదా అంటే, ఇష్టం లేకపోతే సరుకు తీసుకెళ్ళమంటాడు. ఐసులో పడ్డ రొయ్యని ఎక్కడికి తీసుకెళ్తారమ్మా? చెరువులో పోస్తే బతుకుద్దా?"

"అభ్యంతరం ఉంటే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ ఏర్పాటు కూడా పెట్టించా."

"ఎవరికి చెయ్యాలి?"

"ఆడిట్‌కి."

"అంటే నీకే."

"నాకే. అంటే నాక్కాదు, మా డిపార్టుమెంటుకి."

"ఇదివరకు ఏజెంట్లున్నారు. కాదంటే ఇంకోడికి పోసుకునేవాళ్ళం. ఇప్పుడు చుట్టుపక్కల అందరం మీ కంపెనీకే పోస్తున్నాం. అది నీకు తెలుసుగా?"

"తెలుసు."

"రేపు మన చెరువులో రొయ్య పట్టుబడి అనుకో."

"రేపా? నెలాఖరుకన్నావు. అయినా రేపు ఆదివారం, నువ్వు ఆదివారం చెరువులో వల దించవుగా."

"అనుకో అన్నా. ఒక్క ఫోను చెయ్యి. గట్టు మీదే పాత పద్ధతిలో కౌంటు తీయమను. మనకొక్కళ్ళకే కాదు, ఆ రోజు పట్టిన అందరికీ."

"నన్నడగొద్దు నాన్నా."

"ఎందుకని?"

"ఇప్పుడేగా అప్పజెప్పాను. మనవాళ్ళున్నచోట మనం వేలు పెట్టకూడదు. ఇంతకాలం చదివిందంతా అదే. ఆ ఫోను చేస్తే ఎల్లుండి ఏ మొహం పెట్టుకుని పరీక్ష రాయను?"

"పోనీ ఫోనొద్దు. వచ్చి నిలబడు. ఫ్యాక్టరీలో, కాటా దగ్గర. ఎక్కువ వెయ్యమనొద్దు, తక్కువ వెయ్యమనొద్దు. ఊరికే చూడు. నువ్వు చూస్తున్నావంటే వాళ్ళు సరిగ్గా వేస్తారు."

"అదీ కుదరదు. నేనక్కడ నిలబడితే మా నాన్న సరుకని అందరికీ తెలిసిపోద్ది."

"తెలిస్తే?"

"నీకు అర్థం కాదు. ఆఫీసులో నా మీద ఎంతమంది కళ్ళున్నాయో నీకు తెలీదు. చెరువులోళ్ళ పిల్ల మనకి పద్ధతులు నేర్పుద్దా అని వెనకాల అంటారు. ఒక్క మాట దొరికితే చాలు, పరీక్షా ఉండదు, వైజాగూ ఉండదు."

"అమ్మ అడిగితే ఏం చెప్పను? ఈ పట్టుబడి పోతే చెరువు లీజు వదిలెయ్యాలమ్మా. ఇంక నిలబడలేం."

"వదిలేద్దువుగానిలే. ఈ వయసులో చెరువులో దిగడం ఎందుకు? నేను నెలనెలా పంపిస్తాగా."

"నువ్వు పంపుతావు."

"పంపనా? నేను మిమ్మల్ని చూడనంటున్నానా?"

"అనలేదు."

"నేననేది ఒకటే. సరుకు ఎప్పుడు తెచ్చినా అందరితోపాటే తీసుకురా. అక్కడ నన్ను పలకరించొద్దు, నావైపు చూడొద్దు. తోమాసు ఎవరో నాకు తెలీదు, కల్పన ఎవరో నీకు తెలీదు. పరీక్షయ్యేదాకా అట్టా ఉందాం. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచికి."

"ఇద్దరి మంచికీ."

"సరేనమ్మా. నేను లేస్తా. అయిదింటి బస్సు దొరుకుద్ది."

"కోపమొచ్చింది నీకు."

"లేదు."

"వచ్చింది. నీకు కోపమొస్తే మాట తగ్గుద్ది. నెలాఖరుకి ఇంకా టైముంది కదా, పరీక్షయ్యాక ఆలోచిద్దాం. వలలోళ్ళకి ఇప్పుడే చెప్పకు."

"వలలోళ్ళు వెళ్ళిపోయారు."

"ఎక్కడికి?"

"వాళ్ళిళ్ళకి. పట్టుబడి నిన్న అయిపోయింది."

"ఏంటీ?"

"రొయ్య మీద తెల్లమచ్చ తెగులు కనపడింది. ఆగితే ఒకటీ మిగలదని నిన్న తెల్లారి పట్టేశాం. లారీ వెనకాలే నేనూ బందరొచ్చా. ట్రేల మీద ఐసు వెయ్యడానికి కూలోళ్ళు చాల్లేదు, నేనే వేశా."

"నిన్నంతా నేను ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఉన్నాను."

"తెలుసు. అద్దాల్లోంచి కనిపించావు. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ నవ్వుతున్నావు. ఆ నీలం చీర నీకు బాగుంది."

"ఒక్కమాట లోపలికి చెప్పి పంపలేకపోయావా? కౌంటు ఎంత వేశారు?"

"వాళ్ళకి తోచింది వేశారు. లీజు వదిలేసి చెరువు షెడ్డు తాళాలు పొద్దున ఇచ్చేశా."

"ఎందుకు పిలవలేదు నాన్నా?"

"గేటు దగ్గర గుమాస్తా అడిగాడు, మీవాళ్ళెవరన్నా కంపెనీలో పని చేస్తున్నారాండీ అని. సరుకు తెచ్చిన ప్రతివాడినీ అడగాలంట, కొత్త రూలంట. ఉంటే సరుకు పక్కన పెట్టి, ఆ పనిచేసే మనిషిని పిలిచి విచారిస్తారంట."

"ఆ రూలు..."

"నీదేనని తెలుసు. ఎవరూ లేరయ్యా అన్నా. ఆయన నా ఇంటిపేరు చూసి, ఆడిట్‌లో కల్పన మేడంది కూడా ఇదే ఇంటిపేరు, ఊరు కూడా అటువైపే, మీ అమ్మాయి కాదు కదా అని నవ్వాడు. ఎల్లుండి నీ పరీక్ష గుర్తొచ్చింది. నాకసలు కూతుళ్ళే లేరయ్యా అన్నాను."

"అలా అన్నావా?"

"అన్నాను. సంతకం కూడా పెట్టా."

"మరి అంతా అయిపోయాక ఇవాళ వచ్చి, రేపు పట్టుబడి అనుకో అని నన్నెందుకు అడిగావు?"

"రాత్రి కన్ను మూతపడలేదు. కన్నబిడ్డని లేదన్నానే, ఒక్కమాట అడిగుంటే నా బిడ్డ పరిగెత్తుకొచ్చేదేమో, నేనే తొందరపడి కాదనుకున్నానేమో అని ఒకటే ఏడుపొచ్చింది. నీ దగ్గర తప్పు ఒప్పుకుని పోదామని బస్సెక్కా. ముందొకసారి అడిగి చూద్దామనిపించింది."

"నాన్నా, కూర్చో. వెళ్ళొద్దు, ఒక్క నిమిషం కూర్చో."

"నాకు కూతుళ్ళు లేరని చెప్పేటప్పుడు అబద్ధం ఆడుతున్నాననుకున్నానమ్మా."