థర్జా చేతిలో తెడ్డు

ఏదీ, ఇటివ్వమ్మాయ్. కాస్త వెలుతురులోకి పట్టు. ఓహో, ఇదా. ఈ అచ్చుబొమ్మ కాగితం ఇంకా ఆ గోడకే ఉందా? మీ మామగారు సత్రం గోడలతో పాటు ఎప్పుడో దీని మీద సున్నం కొట్టించేశారనుకున్నాను. నవ్వుకో, ఫర్వాలేదు, నవ్వడానికే వేశాం. గాడిద మీద తోకవైపు తిరిగి కూర్చున్నవాడు ఏమస్ నార్త్‌కాట్, ఇళ్లకి గడ్డికప్పు వేసేవాడు. వాడి నెత్తిన తెడ్డుతో మొత్తుతున్న గద్దముక్కు మనిషి వాడి పెళ్లాం థర్జా. చెక్కిందెవరంటావా? కింద మూల చూడు, పొడి అక్షరాలు రెండున్నాయి. జేబెజ్ లస్కమ్. నేనే. ఈ చేతులు అప్పుడిలా వణికేవి కావు తల్లీ, బేరిపండు చెట్టు చెక్క మీద వెంట్రుకని కూడా చెక్కి అచ్చు తీసేవాణ్ని. పోసిన ఆపిల్ సారా అలా పెట్టు, తాగుతాలే.

నువ్వు పట్నం నుంచి కోడలిగా వచ్చినదానివి, నీకీ గోల తెలీదు. పెళ్లాం మొగుణ్ని కొట్టిందని వినబడితే అప్పట్లో ఊరు ఊరుకునేది కాదు. పెనాలు, మూకుళ్లు, గొర్రెల మెడ గంటలు, పొట్టేలు కొమ్ములు, ఏది దొరికితే అది పట్టుకుని బయల్దేరేవాళ్లు. మాంసం కొట్టువాళ్లయితే కత్తుల మీద ఎముకలతో దరువేసేవాళ్లు. ఇద్దరికి వేషాలు కట్టి గాడిదెక్కించడం, మొగుడి వేషగాడు దారం వడుకుతుండటం, పెళ్లాం వేషగాడు తెడ్డుతో వాణ్ని బాదుతుండటం. దారిలో ఏ ఇంట్లో ఆడపెత్తనం ఉందనుకుంటే ఆ గడప చీపురుతో ఊడ్చి పోయేవాళ్లు. మా గడప రెండుసార్లు ఊడ్చారులే. మూడోసారి మా ఆవిడ మేడ మీంచి పందుల కుడితి కుమ్మరించింది. బంగారంలాంటి మనిషి, పోయింది. ఏం చెబుతున్నాను? ఆ, థర్జా.

వాళ్ల పక్కింటి హెప్జిబాకి నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు కిటికీలోంచి తొంగి చూసిందట. "కళ్లారా చూశానమ్మా, మొగుణ్ని నేల మీద పడేసి గుండెల మీదెక్కి కూర్చుంది, చేతిలో తెడ్డు, ఏం చెప్పమంటారు, ఆ మహాతల్లి అడ్డూ అదుపూ లేకుండా ఉంది" అని సంతంతా చాటింది. ఏమస్ కన్ను వాచి ఉండేది, పెదవి చిట్లి ఉండేది, అదివరకే అందరూ చూశారు. ఏమైందిరా అంటే నిచ్చెన తగిలిందనేవాడు. ఎన్నిసార్లు తగులుతుంది నిచ్చెన? ఇంకేం, సంత రోజున ఊరేగింపని తేల్చేశారు. బొమ్మ కూడా ఉండాలన్నారు, అచ్చు తీసి అందరికీ తలో కాగితం. జేబెజూ, నీ చేతిలో పని అన్నారు. నేను పొంగిపోయాను. దాచడమెందుకు, పొంగిపోయాను.

మనిషి మొహం సరిగ్గా రావాలంటే దగ్గర్నుంచి చూడాలిగా. మా కొట్టు కప్పు కారుతోందని వంక పెట్టుకుని వాళ్లింటికెళ్లాను. థర్జా కూర్చోమంది. రొట్టె పెట్టింది, పొగబెట్టిన పందిమాంసం ముక్క పెట్టింది. నేను ఆ రొట్టె తింటూనే ఆవిడ ముక్కు కొలుచుకుంటున్నాను, చూడు, ఎలాంటివాణ్నో. ఏమస్ కప్పుకి ఎంత గడ్డి పడుతుందో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కళ్లు పైకెళ్లాయి. మనిషి విరుచుకుపడ్డాడు, బల్ల అంచుకి కనుబొమ తగిలి రక్తం. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. థర్జా చటుక్కున వాడి మీదెక్కి కూర్చుని, భుజాలు అదిమిపట్టి, తెడ్డు కాడ వాడి పళ్ల మధ్య పెట్టింది. నాలుక కొరుక్కోకుండా. అప్పుడు చూశాను ఆ కాడ, నిండా గాట్లే.

వాడు తేరుకుని నిద్రపోయాక చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చుంది. "జేబెజన్నా, చిన్నప్పట్నుంచీ ఉంది. మూర్ఛ అని తెలిస్తే ఏ ఇంటివాడైనా నిచ్చెన ఎక్కనిస్తాడా? ఆయనకి ఇంకో పని రాదు. ఆయన్ని గతిలేనివాళ్లని పడేసే దానధర్మాల కొంపకి తోలేస్తారు. మూర్ఛ వచ్చే ముందు ఆయనకి తెలుస్తుంది, నిచ్చెన దిగిపోతాడు, ఇవాళ నువ్వున్నావని మొహమాటపడి ఆపుకోబోయాడు. నీ నోటంట రానీకు" అంది. ఊరేగింపు సంగతి నీకు తెలుసా అన్నాను. తెలుసంది. "నన్ను అననీ. నా ఒళ్లేం అరిగిపోదు" అంది. మాటిచ్చాను.

మాట నిలబెట్టుకున్నానమ్మాయ్. ఎవరికీ చెప్పలేదు. అదే చెప్పుకుని చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ నోరు మూసుకోమందిగానీ బొమ్మ చెక్కమనలేదు కదా. చెయ్యి నొప్పనొచ్చు, చెక్క పగిలిందనొచ్చు. అనలేదు. అప్పటికి సగం అయిపోయింది, బాగా వస్తోంది. నా జన్మలో అంత బాగా ఇంకేదీ చెక్కలేదు.

ఊరేగింపు వాళ్ల గుమ్మానికొచ్చింది. ఎవరైనా అయితే తలుపులు బిడాయించుకుని ఏడుస్తారు. థర్జా తెడ్డు పట్టుకుని బయటికొచ్చింది. "అవును, కొడతాను. మీ పెళ్లాలకి చేతకాక మీరిలా తిరుగుతున్నారు" అని కేకేసింది. జనం పడీ పడీ నవ్వారు. అందరూ నమ్మేశారు. ఆవిడక్కావలసిందీ అదే. ఒక్కసారి నా వైపు చూసింది, నా చేతిలో కాగితాల కట్ట ఉంది. కోపంగా కాదు, ఊరికే చూసింది. తిట్టినా బాగుండేది.

ఏమస్ ఇంకో పదకొండేళ్లు కప్పులు వేశాడు. ఈ సత్రం కప్పు కూడా వాడిదే. ఎక్కిన ప్రతి నిచ్చెన కిందా ఎవడో ఒకడు తెడ్డు మొగుడా అని అరిచేవాడు. చివరికి దగ్గుజబ్బు చేసి మంచం మీదే పోయాడు. ఊళ్లో ఆడవాళ్లెవరూ ఆ ఇంటికి తోడుకి పోలేదు. మొగుణ్ని కొట్టి చంపిందనుకున్నారు కొందరు. అప్పుడు చెప్పొచ్చుగా అంటావు. చెప్పొచ్చు. వాడికిక నిచ్చెనతో పనిలేదు. రెండుసార్లు ఇదే బల్ల దగ్గర నోరు తెరిచాను కూడా. చెబితే, నీకప్పుడే తెలుసా, తెలిసే చెక్కావా అని అడుగుతారు కదా. మళ్లీ మూసుకున్నాను. ఆవిడ చెల్లెలి ఊరెళ్లిపోయి అక్కడే పోయింది. మనవాళ్లు మాత్రం ఈ గోడ దగ్గర నవ్వుతూనే ఉన్నారు, నలభై ఏళ్లు.

ఇంకోసారి పట్టు. ముక్కు కాదు, తెడ్డు చూడు. కాడ చూడు. ఆ సన్నగీతలున్నాయే, అవి చెక్క చారలు కావు. పంటిగాట్లు. ఆ ఇంట్లో చూసినవి చూసినట్టు దించాను. ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను, తెడ్డుకి పంటిగాట్లేంటి జేబెజూ అని. అడిగితే చెప్పేద్దామనుకున్నాను.

నువ్వూ ముక్కు చూసే నవ్వావు. సరేలే, ఆ తలుపు దగ్గరకి వెయ్యి, చలి కొడుతోంది.