అసలు ముద్ర ఉన్న సిలిండరు

ఆదోనిలో ఒక పత్తి మిల్లు షెడ్డు. మిల్లు సావుకారి తన తాత కొన్న పాత కారు పక్కన నిలబడి, ఎమ్మిగనూరు మెకానిక్కు తెచ్చిన బ్రేకు సిలిండరును వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“దీని మీద కంపెనీ ముద్ర యాడుండాది? ఇది డూప్లికేటు.”

“బళ్లారిలో పాత సామాన్ల గుజిరీ అంగళ్లన్నీ తిరిగినా దొరకలే సావుకారీ. ఇదైతే బ్రేకు బాగా పడతాది.”

“బ్రేకు పడేదానికి కాదప్పా. బెంగుళూరు పాత కార్ల పోటీలో చక్రం ఇప్పి, ముద్ర చూసి మార్కులేస్తారు. కారును లారీ మీద ఎక్కించుకొని పోతాము.”

“అట్లయితే ఈ కారును నడిపేదే లేదు కదా! మిల్లుకు కూలోళ్లను తెచ్చే టెంపోకు బ్రేకు పోయి నెలాయె. ముందు దానికి సామాను తెప్పించండి.”

“సీజను అయిపోనీ. డ్రైవరు గేర్ల మీద ఆపుకుంటా వస్తానే ఉండాడు కదా.”

“కోసిగి నుంచి మా చెల్లెలు సుంకమ్మ కూడా దాంట్లోనే వస్తాది సావుకారీ.”

“ఆ మాట ముందే సెప్పొద్దా? రేపట్నుంచి ఆయమ్మను బస్సుకు రమ్మను.”

“మిగతా ఇరవై మంది?”

“నువ్వు ముద్ర ఉండే సిలిండరు యాడ దొరుకుతాదో చూడప్పా.”