కోసేసిన పావుగంట

ముందుకు జరపొద్దు, జరపొద్దు అని నా చేతిలోంచి రిమోట్ లాక్కున్నావు. ఏం సాధించావమ్మా? చూశాం కదా, మొదటినుంచి చివరిదాకా, పేర్లు పడేదాకా చూశాం. ఇప్పుడు సంతోషమేనా?

కాదులే, నీమీద కోపం కాదు. కూర్చో. టీ చల్లారిపోతే పోనీ.

రేపు పోటీకి వెళ్ళే పిల్లలకి ఈ సినిమా వేస్తానన్నావు. "మాస్టారూ, మీరు ప్రతి ఏడూ వేసేవారటగా, మీరే వచ్చి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నావు. నా కుర్చీలో ఆటల టీచరుగా నువ్వొచ్చావని విన్నప్పుడే గుండె గుభేలుమంది. నా దగ్గర ఆడిన మీ అక్కకి చెల్లెలివి. మీ అక్క పోలికే, ఆ నిలబడే తీరూ అదీ.

ఈ సినిమా మొదటి భాగం అందరికీ ఇష్టం. నాకు మాత్రం దాని తర్వాత వచ్చిన ఈ రెండో సినిమానే ఇష్టం. ఎందుకో తెలుసా? ఆ హాకీ గోల్‌కీపర్ పిల్ల. బంతి తలకి తగిలి కుప్పకూలుతుందా, ఊరంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుందా, ఆఖరి నిమిషంలో ఎర్ర చార హెల్మెట్ పెట్టుకుని గోల్ ముందు గాల్లోకి ఎగిరి బంతిని ఆపుతుంది! అక్కడ నేను టీవీ ఆపేసేవాణ్ణి. బల్ల మీద ఒక్క చరుపు చరిచి, "చూశారా! దెబ్బ తగిలితే ఏడుస్తూ కూర్చుందా? లేచింది!" అనేవాణ్ణి. పిల్లలు చప్పట్లే చప్పట్లు.

పదకొండేళ్ళు, ఇదే పాఠం.

పీరియడ్లు రెండే దొరికేవి కదా మరి. సినిమా అంతా పట్టదు. అందుకని ఆ పిల్ల పడిపోయాక వచ్చే పావుగంట జరిపేసేవాణ్ణి. అంతా కూర్చుని మాట్లాడుకోవడమే కదా అనుకున్నాను. మాటలొస్తే పిల్లలు గోల చేస్తారు, బెంచీల కింద కాళ్ళు తన్నుకుంటారు. మొదట్లో ఒక్కసారైనా చూసే ఉంటారు కదా అంటావా? చూడలేదమ్మా. నీతి మీదున్న ఆత్రం నాకు కథ మీద లేదు. నీతి ముందే దొరికినవాడికి కథతో పనేముంది?

ఇవాళ చూశాను. నువ్వు చూపించావు.

ఆ పావుగంటలో ఆ కోచ్ ఏం చేశాడు? పిల్ల కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. వేళ్ళెన్ని అని అడిగాడు. "ఇవాళ్టికి నీ ఆట అయిపోయింది తల్లీ" అని దుప్పటి కప్పి కూర్చోబెట్టాడు. ఆ పిల్ల ఏడుస్తూ తన హెల్మెట్ తీసి, బెంచీ మీదున్న కళ్ళద్దాల పిల్ల తలకి తనే తొడిగింది. గోల్ ముందు ఎగిరింది కళ్ళద్దాల పిల్ల! వీపు మీద అంకె కూడా వేరే. అంత పెద్ద అంకె, పదకొండేళ్ళు నా కళ్ళబడలేదు.

దెబ్బ తగిలిన పిల్ల అసలు లేవనే లేదమ్మా. లేపింది నేను.

నువ్వు అప్పుడు నవ్వావు. "భలే మాస్టారూ, మీరు కథే మార్చేశారు" అన్నావు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నువ్వు గమనించలేదు.

ఇంకా కూర్చో. అసలు సంగతి చెప్పలేదు నేను.

మొన్న మైదానం గోడ పక్కనించి వెళ్తుంటే నీ మాటలు వినపడ్డాయి. వరసలో నిలబెట్టి చెప్తున్నావు: "దెబ్బ తగిలితే వెంటనే చెప్పండి. మా అక్కలా దాచకండి." తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మీ అమ్మ కూడా అదే మాట కదా? "మొండిఘటం నా కూతురు, నోరు విప్పి చెప్పుంటే ఈ గతి పట్టేదా!" ఆరేళ్ళుగా ఆ పిల్లకి జడ వేస్తూ, అన్నం కలిపి నోట్లో పెడుతూ, ఆ మాటే. నేను చూడ్డానికి వచ్చినప్పుడల్లా నా ముందే. నేనేమో తల ఊపి, టీ తాగి, వచ్చేసేవాణ్ణి.

మీ అక్క దాచలేదమ్మా.

ఆ రోజు పోటీలో తలకి బంతి తగిలింది కదా, సగం ఆట అయ్యాక నేను కుళాయి దగ్గర సీసా నింపుకుంటున్నాను. హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. పక్కన ఎవరూ లేరు. "సార్, రెండు బంతులు కనిపిస్తున్నాయి" అంది.

నేనేమన్నానో తెలుసా? "రెండూ ఆపు" అన్నాను.

నవ్వింది పిచ్చిది. నేనూ నవ్వాను. వెళ్ళబోతూ మళ్ళీ ఆగింది. "తల కూడా తిరుగుతోంది సార్." అప్పుడు అడిగాను: "సినిమాలో ఆ పిల్ల ఏం చేసింది?" "లేచింది సార్" అంది. "మరి?" అన్నాను.

హెల్మెట్ పెట్టుకుని వెళ్ళింది. పది నిమిషాలైనా కాలేదు, బంతి అవతలి కొసన ఉండగా, ఎవరూ తాకకుండానే నిలువునా పడిపోయింది. మన బెంచీ మీద కూడా ఇంకో గోల్‌కీపర్ ఉంది, ప్యాడ్లు కట్టుకుని మరీ. నేను అటు తలే తిప్పలేదు.

విచారణకి వచ్చినాయన అడిగాడు, కాగితం మీద రాసిచ్చాను: "ఏ బాధా ఉన్నట్టు నాతో చెప్పలేదు." మీ అక్కకి ఆ రోజే గుర్తులేదు. అది నాకు కలిసొచ్చింది. అవును, ఆ మాటే వాడుతున్నాను, కలిసొచ్చింది.

అలా చూడకమ్మా. తిట్టు.

మీ అమ్మకి నేనే వచ్చి చెప్తాను. ఇప్పుడే, చెప్పులేసుకుని నీతోనే బయల్దేరతాను... అంటున్నానే గానీ, "వద్దులెండి మాస్టారూ, ఈ వయసులో ఎందుకు" అని నువ్వంటావేమోనని నీ మొహంకేసే చూస్తున్నాను. చూశావా? ఇప్పటికీ అంతే నేను.