మొహాల్లేని బొమ్మలు

"నీ బొమ్మలకి కళ్లూ మూతీ లేవట. ఇంట్లో దెయ్యాల్ని కత్తిరించి పెట్టుకున్నావని పక్కింటి పద్మిని వీధంతా చెప్తోందే."

సైన్యం గద్దెనెక్కిన దేశంలో, సంచౌంగ్ పేటలో మూడో అంతస్తు. కింద సైనికుల లారీ ఆగి ఉంది, ఫోన్లలో ఇంటర్నెట్ లేదు. కూతురు కాగితం బొమ్మల్ని నేల మీద పరిచి చూసి తల పట్టుకుంది.

"అందుకని అన్నింటికీ కాటుకతో మొహాలు గీసేసినావా అమ్మా?"

"మరేటి? నువ్వు చూసి నేర్చుకున్న ఆ పోలండోళ్లకి మొహాలు గీసే తీరిక లేదేటి?"

"తీరిక కాదమ్మా. అప్పట్లో వాళ్ల సర్కారూ ఇలాంటిదే. అందుకే కాగితం ముక్కల్ని కదిపి, మాటల్లేకుండా చిన్న చిన్న సినిమాలు తీసేవారు. నేనూ అలాగే సైనికుల మీద తిరగబడ్డ మన ఊరేగింపుని తీస్తన్నాను. మొహాలుంటే సైనికులు మనుషుల్ని పోల్చేస్తారు!"

"నాకు చెప్పి చచ్చేవా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? పైగా ఈ ముందున్నోడు అచ్చం చిలకమ్మత్త కొడుకులా ఉన్నాడు."

"ఆడే. గడ్డం మీద మచ్చ కూడా పెట్టాను."

"తుడిచేయాలి. పట్టుకుపోతారు."

"నీకు చెప్పనేదు గానీ ఆణ్ణి పోయిన వారమే కాల్చి చంపేసినారు, ఇంకేటి పట్టుకుపోతారు? మొహం కూడా లేకపోతే చిలకమ్మ తన కొడుకుని ఎలా పోల్చుకుంటాదే?"