మూడు గోడల ప్రోద్రోమోస్

ఎవరూ, ప్రోద్రోమోసా? ఆ పేరు నీ చెవిన ఎవరు వేశారే అమ్మాయ్? మీ నాయనమ్మా? ఆవిడకేం తెలుసు, ఆవిడది కొండవైపు ఊరు, కాపరానికొచ్చేసరికే సగం కథ అయిపోయింది. కూర్చో. అక్కడ కాదు, ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు రా. వోలోస్‌లో మన కాందిశీకుల పేటలో ఆ రోజుల్లో హోటలంటే బోర్డూ లేదు, పాడూ లేదు. తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలెత్తి చూసుకోవడమే. "ఇవాళేంటి అక్కా?" అని అడిగామనుకో, ప్రోద్రోమోస్ పెళ్ళాం డోమ్నా "కళ్ళు లేవా, చూసుకో" అనేది. మంచి మనిషే, నోరే అట్లాంటిది. కూతురు రొదాంథి పళ్ళేలు పట్టుకుని తిరిగేది. ప్రోద్రోమోస్ వాళ్ళమ్మ, ముసలావిడ, పొయ్యి దగ్గరుండేది. సముద్రం అవతల, టర్కీవైపు మన స్మిర్నా ఊరు తగలబడ్డప్పుడు పడవెక్కి ఈ గ్రీసుకి వచ్చిందిగా, చంకలో ప్రోద్రోమోస్, ఒళ్ళో జీలకర్ర మూట తప్ప ఇంకేం లేదనేవాళ్ళు. అబద్ధమే అయ్యుంటుంది, ఓ దుప్పటైనా ఉండి ఉండదూ? కానీ ఆవిడ చేసే సుజుకాకియా ఉందే... కీమాలో జీలకర్ర దంచి వేసి, కోలగా ఒత్తి, టమాటా పులుసులో ఉడికించేది. వీధి చివర నేను గోడ కడుతుంటే వాసనకి తాపీ చేతిలోంచి జారిపోయేది. నిజం చెబుతున్నా.

ఆవిడ పోయింది. పోతే, నలభయ్యో రోజు ప్రార్థన కాగానే ప్రోద్రోమోస్ తలుపులు తీసి, మొదటిసారి తన చేత్తో సుజుకాకియా వండాడు. అందరం తిన్నాం. వాడు ఒక్కో బల్ల దగ్గరా నిలబడి మా నోట్లోకి చూస్తున్నాడు, కోడి గుడ్లు పొదుగుతున్నట్టు. అప్పుడు ఇసిడోరోస్... ఇసిడోరోస్ అంటే ఎదురుగా బార్బర్ షాపు వాడు, ప్రోద్రోమోస్‌కి చిన్నప్పటి నుంచీ ప్రాణం, ఒకే పడవలో ఇద్దరూ చంటిపిల్లలుగా వచ్చారు. ఆ ముసలావిడే వాణ్ణీ సగం పెంచింది. వాడు ఒక ముక్క నమిలి, ఫోర్కు కింద పెట్టి అన్నాడు కదా, "జీలకర్ర ఎక్కువైంది" అని.

అంతే తల్లీ. ప్రోద్రోమోస్ మొహం ఇటుక రంగుకి తిరిగింది. "లే! బయటికి నడు! ఇంకోసారి ఈ నాలుగు గోడల మధ్య నీ కాలు పడితే చూడు, మా అమ్మ ఎముకల మీద ఒట్టు!" అని అరిచాడు. మనవాళ్ళకి ఆ ఒట్టు అంటే తెలుసుగా. దాని తర్వాత ఇంక మాట లేదు. ఇసిడోరోస్ లేచాడు. పళ్ళెం మాత్రం వదల్లేదు. పళ్ళెంతో సహా బయటికి పోయి, పేవ్‌మెంటు మీద నిలబడి మిగిలింది తుడిచిపెట్టేశాడు. ఎక్కువైందన్నవాడు!

మర్నాడు మధ్యాహ్నం తన షాపులోంచి కుర్చీ తెచ్చుకుని గుమ్మం అవతల వేసుకున్నాడు. ముందు కాళ్ళు రెండూ పేవ్‌మెంటు మీద, వెనక కాళ్ళు రెండూ రోడ్డు మీద. బస్సొస్తే లేచి, పోయాక కూర్చునేవాడు. ప్రోద్రోమోస్ ఏం చేశాడనుకున్నావ్? వడ్డించాడు! ఒట్టు లోపలికి రావడం మీదే కదా, తిండి మీద కాదుగా. కానీ మాటల్లేవు. ఇద్దరి మధ్య బారెడు దూరం, మధ్యలో నేను. "యోర్డానీ, బయటున్న ఆ పెద్దమనిషితో చెప్పు, ఇవాళ చేప తాజాగా ఉందని." "యోర్డానీ, లోపలున్న ఆ పెద్దమనిషితో చెప్పు, నిన్న కూడా ఇదే అన్నాడని." నా కూడు చల్లారిపోయేది వీళ్ళ రాయబారంతో. ఓ రోజు కుంభవృష్టి. ప్రోద్రోమోస్ గొడుగు తీసుకుని బయటికొచ్చాడు. అబ్బ, మనసు కరిగింది రా వీడికి అనుకున్నా. తీరా చూస్తే గొడుగు పళ్ళెం మీద పట్టాడు! పులుసులో నీళ్ళు పడకుండా. మనిషి ముద్దగా తడుస్తున్నాడు, కూర మాత్రం పొడిగా ఉంది. వాడూ కదల్లేదు, వీడూ కదల్లేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా అట్లాగే.

ఏళ్ళు గడిచాయి. ఇసిడోరోస్ కొడుకు ఆర్గిరిస్ రోజూ తండ్రికి కోటు తెచ్చిచ్చేవాడు, రొదాంథి పళ్ళెం తెచ్చిచ్చేది. కోటూ పళ్ళెం కలిశాక ఏమవుతుంది? నవ్వకు. ఫిబ్రవరిలో తేలింది సంగతి. పెద్ద ఉపవాసాలు దగ్గరకొచ్చేశాయి, ఉపవాసాల్లో పెళ్ళి లేదు, ఈస్టరు దాకా ఆగే పరిస్థితీ లేదు, అర్థమైందిగా. ఉపవాసాల ముందు ఆదివారమే ముహూర్తం. విందు ఎక్కడా? "నా కూతురి పెళ్ళి భోజనం పరాయివాడి పొయ్యి మీదా? ముందు నా శవం లేవాలి!" అన్నాడు ప్రోద్రోమోస్. వీధిలో పెడదామంటే మంచు. లోపల పెడదామంటే వియ్యంకుడు లోపలికి రాకూడదు. పెళ్ళికొడుకు తండ్రిని రోడ్డు మీద కూర్చోబెట్టి మనం కేకు కోస్తామా?

పాద్రీ వచ్చాడు పాపం. "నాయనా, ఒట్టు నేను విప్పుతాను" అన్నాడు. "ఎముకలు మీవి కావు కదా ఫాదర్" అన్నాడు వీడు. ఇసిడోరోస్‌ని అడిగితే, "పిలిస్తే వస్తాను. కానీ వాడు పిలవకూడదు. ముసలమ్మ ఎముకలతో ఆటలా? నేనే ఒప్పుకోను" అన్నాడు. చూశావా, ఇద్దరూ ఒకే పక్షం! పేటంతా తల పట్టుకుంది.

శనివారం పొద్దున్నే ప్రోద్రోమోస్ నా తలుపు కొట్టాడు. "యోర్డానీ, నేను ఆ రోజు సరిగ్గా ఏమన్నాను?" "కాలు పడితే..." "ఎక్కడ పడితే?" "నాలుగు గోడల మధ్య." "పెద్ద సుత్తి తీసుకురా" అన్నాడు. నాకు బుర్రకెక్కేసరికి వాడు సగం వీధి దాటాడు. ఆ ముందు గోడ మీద పైనంతా వాళ్ళ పడగ్గది నిలబడి ఉంది తల్లీ! నేను దుంగలు తెచ్చి కింద ఆసరాగా పోటు పెట్టకపోతే డోమ్నా అక్క మంచంతో సహా పెళ్ళి విందులోకి దిగేది. ఆవిడ కిటికీలోంచి అరుస్తోంది, "ఇల్లు కూల్చుకునే బదులు నోరు తెరిచి 'రా' అని ఒక్క ముక్క అనొచ్చుగా, మొద్దు ముండాకొడకా!" "నోరు నాదేనే, ఎముకలు అమ్మవి!" అని వీడు కింద నుంచి. దెబ్బ మీద దెబ్బ. సాయంత్రానికి గోడ లేదు. తలుపు మాత్రం చట్రంతో సహా నిలబడి ఉంది, దాన్నీ పీకి అవతల పారేశాడు.

ఆదివారం చర్చి నుంచి అందరం వచ్చాం. ఇసిడోరోస్ పేవ్‌మెంటు అంచున ఆగాడు. లోపలికి చూశాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు: అటొకటి, ఇటొకటి, వెనకొకటి. టోపీ తీసి లోపలికి నడిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చలికి చేతులు జేబుల్లో ఉన్నాయి. సుజుకాకియా వచ్చింది. వాడొక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. బుజుకీ తీగలు మీటి పాటలు వాయించేవాడు కూడా ఆపేశాడు. నమిలాడు, నమిలాడు, "జీలకర్ర తగ్గింది" అన్నాడు.

"నీకోసమే తగ్గించా రా గాడిదా!" అన్నాడు ప్రోద్రోమోస్. అన్నేళ్ళకి నేను మధ్యలో లేకుండా అన్న మొదటి మాట అది. "నిన్నెవడు తగ్గించమన్నాడ్రా? ఆ రోజు సరిగ్గా అమ్మ చేతిలాగే ఉంది." "మరెందుకన్నావురా ఎక్కువైందని?" ఇసిడోరోస్ రొట్టెముక్క పులుసులో తిప్పాడు. "ఏమో రా. మనిషి లేదు, కూర అట్లాగే ఉంది. ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడలేదు." ప్రోద్రోమోస్ లేచి వంటింట్లోకి పోయాడు. ఎంతకీ రాలేదు. డోమ్నా వెళ్ళి చూస్తే రోట్లో జీలకర్ర దంచుతున్నాడట, మొహమంతా తడి, ముక్కు కారిపోతోంది. "ఘాటు" అన్నాడట. జీలకర్ర ఘాటేంటమ్మా, నువ్వే చెప్పు!

ఆఁ, అక్కడితో అయిపోయిందనుకోకు. పెళ్ళయిందిగా, గోడ మళ్ళీ కట్టమంటావా అన్నాను. "కడితే నాలుగవుతాయి కదా రా" అన్నాడు. ఒట్టు ఒట్టే కదా! పడగ్గదిని నా దుంగల మీదే అట్లాగే వదిలేశాడు. ఏడాది పొడుగునా మూడు గోడల హోటలు. మునిసిపాలిటీ నుంచి ఒకడొచ్చి "ముందు గోడ ఏదీ?" అంటే, "పెళ్ళికెళ్ళింది, ఇంకా రాలేదు" అన్నాడు. చలికాలం మేం కోట్లు, టోపీలు తగిలించుకుని తినేవాళ్ళం, సిపురో సారా రెండు చుక్కలు ఎక్కువ పోసుకుని. ఇసిడోరోస్‌కి దగ్గు పట్టుకుంది. డాక్టరు "గాలి తగిలే చోట కూర్చోకు" అన్నాడు. "నన్ను లోపలికి రానిచ్చేదే ఆ గాలి కదా డాక్టరు గారూ" అన్నాడట. మాన్లేదు. మనవణ్ణి ఒళ్ళో వేసుకుని మంచి బల్ల దగ్గర, పొయ్యి పక్కన, రాజులా కూర్చునేవాడు. మూడో చలికాలంలో పోయాడు.

ఆ వేసవిలో రొదాంథి నన్ను పిలిచింది. "మామయ్యా, ఇంక గోడ కట్టెయ్. నాన్న కూడా దగ్గుతున్నాడు, ఇంకో చలికాలం తట్టుకోడు" అంది. బండి మీద ఇటుకలు తెచ్చి దింపాను. ప్రోద్రోమోస్ వచ్చి ఆ ఇటుకల మీద కూర్చున్నాడు. "లే బావా, పని చేసుకోనీ" అన్నా. లేవలేదు. "కడితే వాడెట్లా వస్తాడ్రా?" అన్నాడు. "బావా, ఇసిడోరోస్ పోయాడు కదా" అన్నా. "నాకు తెలీదా, శవపేటిక మోసింది నేనేగా" అన్నాడు. అని అట్లాగే కూర్చున్నాడు, రోడ్డు వైపు చూస్తూ. ఇటుకలన్నీ మళ్ళీ బండికెక్కించాను. రొదాంథితో ఇటుకలు తడిసిపోయాయి, ఇప్పుడు కట్టకూడదని చెప్పాను. ఆగస్టు నెలలో, చుక్క వాన లేని మండుటెండలో. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, సరే మామయ్యా అంది...

...ఆఁ? ఎందుకాగిపోయానా? ఏమీ లేదు. నీ బస్సు ఎన్నింటికన్నావ్?