బ్రీడా గుర్రం, తెల్లకర్ర

రా, రా, లోపలికి రా క్లోడా. ఆ కుక్కకి భయపడకు, దానికీ నాకులాగే పళ్ళూడిపోయి నోరొక్కటే మిగిలింది. ఏంటది, జామ్ సీసానా? ఎవరు పంపారు, మీ తాతా? మాసీ టూహీ నాకు జామ్ పంపాడా? బాగానే ఉంది సంబడం. చర్చిలో ఒకే వరసలో మోకరిల్లినా నా వైపు మొహం తిప్పని మనిషి, ఇవాళ జామ్ పంపాడు. ఒంట్లో బాగానే ఉందా వాడికి? సర్లే, ఆ కుర్చీలో పిల్లిని తోసేసి కూర్చో. నీళ్ళు మరుగుతున్నాయి, టీ ఇస్తా. ఏమన్నావ్? "కాన్ దగ్గరికెళ్ళి కూర్చో, బ్రీడా ఎలా నేర్పేదో వాడు తీరిగ్గా చెప్తాడు" అన్నాడా? ఆ పేరు ఎత్తాడా, వాడి నోటితో? హుఁ. నీ గుర్రం ఎక్కడ ఆగుతోందట? రాతిగోడ దూకుతుంది. ముళ్ళకంచె దూకుతుంది. అడ్డంగా తెల్లకర్ర కనబడితే చాలు, మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. అవునా? నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. అదీ రేసుల్లోంచి తీసేసిన గుర్రమే కదా.

బ్రీడా మీ తాతకి చెల్లెలు. నువ్వు ఫోటోలో చూసుంటావు, మీ హాల్లో పెట్టారుగా పెద్ద చట్రం కట్టించి. ఆ ఫోటోలో నవ్వు ఆవిడ నవ్వు కాదు, ఎవరో నవ్వమంటే నవ్వింది. అసలు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, ముందు పన్ను సగం విరిగింది కదా, గుర్రం తల విసిరితే. నేను అప్పుడు ఊరందరి గుర్రాలకీ నాడాలు కొట్టేవాణ్ణి. మీ ఇంటికి వెళితే ఒక పూట పని రోజంతా చేసేవాణ్ణి, ఎందుకో నువ్వే అర్థం చేసుకో. మీ ముత్తాత పోయాక పొలం, ఇల్లు, పశువులు అన్నీ మాసీకే. అదే ఇక్కడి పద్ధతి, ఇప్పటికీ అదేగా. కూతురు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆవుల పాలు పితికినా, తండ్రి మంచంలో ఉంటే అన్నీ తీసిపోసినా, అన్నకి పెళ్ళి కుదిరిందనగానే ఇంక మూట కట్టుకోవాల్సిందే. ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎలా ఉంటారని అడుగుతారు. ఆ వంటింటి పొయ్యి ఎవరు వెలిగించారని ఎవరూ అడగరు. మీ నాయనమ్మని నేనేమీ అనట్లేదు, పాపం ఆవిడా ఎక్కడినుంచో మూట కట్టుకునే వచ్చింది. మరుసటి యేడు ఎండాకాలం అయిపోగానే మాసీ పెళ్ళి అనుకున్నారు. అప్పటికి బ్రీడా ఎక్కడికి పోతుందో ఎవరికీ పట్టలేదు.

ఆ టైములో దొరికింది ఆ గుర్రం. రేసుల్లో పరిగెత్తి పరిగెత్తి ఒక్కసారీ ముందుకి రాలేదు, కసాయి లారీ ఎక్కించబోతుంటే మన పిల్ల ఆపి తెచ్చుకుంది. పొడుగ్గా, ఎర్రమట్టి రంగు, ముఖం మీద తెల్ల మచ్చ బిషప్ టోపీలాగా ఉండేది. అందుకని బిషప్ అని పేరు పెట్టింది. ఫాదర్ గారికి కోపం వచ్చింది, "గుర్రానికి ఆ పేరేంటమ్మా" అన్నాడు. "అసలు బిషప్ గారి కంటే ఇదే బాగా వింటుంది ఫాదర్" అంది. ఆ నోరు చూడు! కొండకవతల హాకెట్ అని ఉండేవాడు, నక్కలవేటకి పోయే దొరలకి గుర్రాలు తయారుచేసి ఇచ్చేవాడు, పెద్ద శాల. అతను ఒకరోజు వచ్చి బిషప్ దూకడం చూసి, ఆవిడ చేతులు చూసి అన్నాడు, "మీ ఊరి గుర్రాల షోలో ఇది ఒక్క తప్పు లేకుండా దూకిందా, గుర్రాన్నీ తీసుకుంటా, నిన్నూ పనిలోకి తీసుకుంటా. శాల పక్కన చిన్న ఇల్లుంది, తాళంచెవి నీ చేతికిస్తా" అని. నేను అంతకుముందే అడిగాను ఆవిణ్ణి. దేనికంటే ఏం చెప్పను, పెళ్ళికే. ఇష్టం కాబట్టి అడిగాను. "నిలబడడానికి చోటు లేక నీ ఇంటికి వచ్చింది అనిపించుకోను కాన్. ముందు నా తలుపుకి నా తాళంచెవి ఉండనీ. అప్పుడొచ్చి తలుపు కొట్టు, తీస్తానో లేదో చూద్దాం" అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ అంది. అంటే తీస్తాననే కదా?

టీలో పాలు సరిపోయాయా? పంచదార అక్కడుంది. ఆఁ, ఎక్కడున్నాం. అన్నీ దూకేది బిషప్. కాలవ దూకేది, గోడ దూకేది, పడిపోయిన చెట్టు మీదనుంచి సరదాగా గెంతేది. తెల్లరంగు వేసిన కర్ర పెడితే మాత్రం ఆగిపోయి ఒళ్ళంతా చెమట. మన ఊరి షో సంగతి నీకు తెలిసిందేగా, ఆఖరి కంచె ఎప్పుడూ తెల్లదే. ఊళ్ళో ప్రతివాడూ గుర్రాలు తెలిసినవాడేనాయె. "పిరికిది" అని ఒకడు. "మొండిది, నాలుగు తగిలించు" అని ఇంకొకడు. బార్లో కూర్చుని "బిషప్ గారికి తెల్లబట్టలంటే పడదట్రా" అని పగలబడి నవ్వేవాళ్ళు. ఆవిడేమో నన్ను వెంటబెట్టుకుని రేసుల మైదానానికి వెళ్ళింది. పందెం ఒక్కటీ చూడలేదు. కంచెకి ఆనుకుని అలా చూస్తూ నిలబడింది, నాకేమో చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. తిరిగొచ్చేటప్పుడు అంది, "కాన్, మైదానం చుట్టూ ఆ తెల్ల కమ్మీ చూశావా? పాలు మరిచిన దగ్గర్నుంచీ వీడు దాని పక్కనే పరిగెత్తాడు. అది దాటకూడదనే కదా నేర్పారు. వీడు మొండివాడు కాదు. చెప్పిన మాట ఇంకా వింటున్నాడు" అని. ఇంతమంది మొనగాళ్ళున్నారు ఊళ్ళో, ఒక్కడికి తట్టిందా ఆ మాట?

ఇంక అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. ఒక తెల్లకర్ర తెచ్చి శాల గుమ్మంలో నేల మీద పడేసింది. లోపల ఓట్స్ గింజల మేత. తినాలంటే అది దాటి వెళ్ళాలి. బలవంతం లేదు, కొరడా లేదు. మొదటి రోజు బిషప్ బయటే నిలబడి ఆకలితో సకిలించింది, ఆవిడ గుమ్మంలో గొంతుక్కూర్చుని తను కూడా తినలేదు. మర్నాడు ఒక కాలు వేసింది. తర్వాత పొలంలో కంచెల మీద తెల్ల దుప్పట్లు ఆరేసేది, మీ తాత పెళ్ళికని కొన్న తెల్ల చొక్కా ఆరేస్తే బిషప్ దాని చెయ్యి నమిలేసింది. మాసీ గంతులు చూడాల్సింది ఆ రోజు! ఆవిడైతే ఎగిరి గంతేసింది, భయపడే వస్తువుని ఎవరూ నమలరు కదా. అలా చలికాలమంతా, వసంతమంతా, కర్రని బెత్తెడు బెత్తెడు పైకి లేపుకుంటూ పోయింది. షో దగ్గరపడేసరికి ఆ తెల్లకర్ర మీదనుంచి చెవులు ముందుకి పెట్టి దూకింది బిషప్. నేను చూశాను, నా కళ్ళతో. దిగి దాని మెడ పట్టుకుని ఏడ్చింది పిల్ల.

షో ఆదివారం. పొద్దుటి పూజకి ఆవిడా నేనూ కలిసే వెళ్ళాం చర్చికి. వెళుతూ వెళుతూ "మాసీ, వాడికి కాస్త నీళ్ళు పెట్టు" అని చెప్పింది. మీ తాత నీళ్ళు పెట్టాడు. ఇంకోటి కూడా చేశాడు. గుర్రాల బేరగాళ్ళ పద్ధతి ఒకటుంది, నీకు చెప్పి ఉండరు. అమ్మే ముందు, షోకి ముందు, గుర్రం కాళ్ళు ఇంకా పైకెత్తి దూకాలని చేస్తారు. ఒకడు పొడుగు తాడుతో గుర్రాన్ని కంచె మీదికి తోలతాడు. ఇంకొకడు కర్ర చివర పట్టుకుని పక్కన నక్కి ఉంటాడు. గుర్రం గాల్లో ఉండగా ఆ కర్ర ఠక్కున పైకి లేపి ముంగాళ్ళ ఎముకల మీద కొడతాడు. దానికి నొప్పెడుతుంది, ఈసారి ఇంకా ఎత్తు ఎగురుతుంది. ఆ పనికి ఇద్దరు కావాలి. తాడు పట్టడానికి పక్క ఊరి బేరగాణ్ణి పిలుచుకున్నాడు మాసీ. కర్ర మాసీయే పట్టుకున్నాడు. దేంతో కొట్టాడో అడుగు. ఎదురుగా అదే ఉందిగా, తెల్లది.

షోలో ఊరు ఊరంతా ఉంది. హాకెట్ కంచె పక్కనే నిలబడ్డాడు, టోపీ వెనక్కి తోసుకుని. బిషప్ అన్నీ దూకింది, చక్కగా, వేలెత్తి చూపడానికి లేకుండా. ఆఖరి కంచెకి వచ్చింది. తెల్లకర్ర చూసింది. ఆగిపోయింది. ఆవిడ మెడ మీద నిమిరి వెనక్కి తిప్పుకుని మళ్ళీ తెచ్చింది, మళ్ళీ ఆగింది. వణుకుతోంది, అక్కణ్ణుంచి కూడా కనబడుతోంది. మూడోసారీ అంతే. మూడుసార్లు ఆగితే ఇంక బయటికే, గంట కొట్టేశారు. జనం నవ్వారు, "బిషప్ గారూ ఆశీర్వదించి వదిలేశారా" అని అరిచాడొకడు. హాకెట్ టోపీ సర్దుకుని, "చేతులు మంచివే, పాపం" అని కారెక్కాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుగుతుంటే ముంగాలు లాగేసుకుంది గుర్రం. నేను ఎత్తి చూశాను, ఎముక మీద అరచెయ్యంత వాపు. ఆవిడ నేరుగా పొలంలోకి నడిచింది. తెల్లకర్ర గడ్డిలో పడుంది, రంగుకి ఎర్ర వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. మాసీ వెనకే వచ్చాడు. "తెల్లదాంతోనే కొట్టావా మాసీ? ఇంకో కర్ర దొరకలేదా?" అంది. అరవలేదమ్మా, అరిచినా బాగుండేది. "నీ మంచికే చేశానే బ్రీడా! అందరూ చేసేదేగా, నాన్న చెయ్యలేదా? నీకా ఇల్లు రావాలనే కదా" అన్నాడు. నిజమే చెప్పాడు వెధవ. అదే నాకు ఒళ్ళు మండేది. చెడు చెయ్యాలని చేసుంటే ఒక గుద్దు గుద్ది ఊరుకునేవాణ్ణి.

నేను మళ్ళీ అడిగాను ఆవిణ్ణి, ఆ సాయంత్రమే. "ఇప్పుడు ఊఁ అంటే నువ్వు జాలిపడ్డట్టుంటుంది, నేను దిక్కులేక వచ్చినట్టుంటుంది. వద్దులే కాన్" అంది. ఆ వారంలోనే బిషప్ కసాయి లారీ ఎక్కింది, ఆవిడ సముద్రం దాటే పడవెక్కింది. బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో తెల్ల దుప్పట్లు ఇస్త్రీ చేసింది, చచ్చేదాకా. గుర్రం మీద మళ్ళీ చెయ్యి వెయ్యలేదట. శవపేటికలో వచ్చింది ఊరికి. అప్పుడు చూడాలి ప్రేమ! మీ తాత సమాధికి పాలరాయి వేయించాడు, దాని మీద గుర్రం బొమ్మ, కంచె మీద గాల్లో ఎగురుతూ. ఎవరి గుర్రం అది? బ్రీడా గుర్రం ఆగిపోయిందమ్మా. పైగా షోలో ఆవిడ పేరున కప్పొకటి. రేపు నువ్వు దిగుతున్నది దానికోసమేగా. థూ. నిన్ను కాదమ్మా, నువ్వు తాగు టీ.

కాబట్టి నీ గుర్రం సంగతి అదీ. కర్ర నేల మీద వెయ్యి, అవతల మేత పెట్టు, అది ఎప్పుడు దాటితే అప్పుడు. రేపటికి కాదు. రేపు కప్పు వదిలెయ్. ఏమన్నావ్? తప్పకుండా దూకుతుందన్నాడా? ఎవరు, మీ తాతా? ఇవాళ దాకా దూకనిది రేపెలా దూకుతుందట? నవ్వాడా? గుర్రం ఎక్కడుందిప్పుడు? పొలంలోనా. మీ నాన్న ఏం చేస్తున్నాడు నువ్వు బయల్దేరేటప్పుడు? పొడుగు తాడు కడుతున్నాడా. మీ తాత కూడా అక్కడేనా. ఇద్దరూ.

తీరిగ్గా చెప్తాడు, వెళ్ళి కూర్చో అన్నాడు నీతో. జామ్ ఇచ్చి మరీ పంపాడు.

లే. కప్పు అక్కడే వదిలెయ్ పిల్లా, లే! సైకిలేగా? చర్చి వెనక సందులోంచి పో, అదే దగ్గర. గేటు వెయ్యక్కర్లేదు, కుక్కని నేను పట్టుకుంటాలే. పో, పో.